రిజిస్ట్రీలో తెగిన పోగు

సోమందేపల్లెలో ఎవరి కంప్యూటర్ మొండికేసినా చౌడప్పను పిలవడం కొన్నేళ్లపాటు మామూలైపోయింది. పిలిచినవాళ్లు ఆయన రాగానే నాలుగు మీటలు టకటకా నొక్కి, చేతులు దులుపుకుని పోతాడనుకునేవాళ్లు. ఆయన వచ్చి కుర్చీ ముందుకు జరుపుకుని, సోడాబుడ్డి అద్దాలు పంచె కొసతో తుడుచుకుని, తెర దగ్గరికి ముక్కు ఆనేంతగా వంగి, "పాతది యాడ పెట్టినావప్పా?" అని అడిగేవాడు. పాతదేంటో తెలియక వాళ్లు నోరు తెరిచేవాళ్లు. "సరే, ముందు ఇప్పుడుండేదానికి నకలు తీద్దాం. చెడిపోయిందైనా సరే తీద్దాం" అనేవాడు. జబ్బు మనిషికి మందివ్వమంటే ముందు ఫోటో తీస్తానంటాడేంటని ఎగతాళి చేసినవాళ్లున్నారు. విసుక్కుని వేరేవాళ్లను పిలుచుకున్నవాళ్లూ ఉన్నారు. చౌడప్ప మాత్రం, మొదట్లో ఒక్కసారి తప్ప, నకలు తీయకుండా ఏ కంప్యూటర్ రిజిస్ట్రీలోనూ వేలు పెట్టి ఎరుగడు.

రిజిస్ట్రీ అంటే ఆ ఊళ్లో సగం మందికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసే గుర్తొస్తుంది. అందులో వాళ్ల తప్పేం లేదు. చౌడప్ప కూడా ఏడో తరగతితో బడి మానేసిన మనిషే. ఆయన ఆ మాట ఎట్లా నేర్చుకున్నాడో, ఆ భయభక్తులు ఆయనకు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలంటే ముందు ఆయన కులవృత్తి గురించి చెప్పాలి.

చౌడప్ప పట్టుమగ్గాల ఇంట పుట్టినవాడు. కానీ నేతగాడు కాదు, పడుగు అతికేవాడు. మగ్గం మీద నిలువునా సాగే దారాలను పడుగు అంటారు. ఒక పడుగు నేసి అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తంగా తీసేయరు. జానెడు పడుగును మగ్గంలోనే, ఏ పోగు ఏ కన్నంలో ఉందో ఆ కన్నంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటీ కలిపి మెలిపెడతారు. వేలకు వేల పోగులు. అన్నీ అతికాక నెమ్మదిగా లాగితే కొత్తది పాతదాని వెంటే నడిచి వచ్చి, తన కన్నంలో తాను దూరి కూర్చుంటుంది. ఆ పాత జానెడే లేకపోతే ప్రతి పోగునూ వెతికి వెతికి కన్నంలోకి ఎక్కించుకోవాలి, మగ్గం నెలల తరబడి పడకేస్తుంది. అతుకుడు పని అంటే చులకనగా మాట్లాడేవాళ్లు ఒక పూట ఆ పోగుల ముందు కూర్చుని చూడాలి, మెడలు పడిపోతాయి.

చౌడప్ప వేళ్లకు విబూది రాసుకుని కూర్చుంటే ఆ వేళ్లు ఎప్పుడు మెలిపెట్టాయో పక్కనున్నవాడికి కనపడేది కాదు. చుట్టుపక్కల ఊళ్లనుంచి మనుషులు వచ్చి ఆయన్ను బతిమాలి తీసుకుపోయేవాళ్లు. వాళ్ల నాయన నేర్పిన ఒక అలవాటు కూడా ఆయనకు ఉండేది. తెగి వేలాడే పోగు కంటపడితే ఆగేవాడు కాదు. గోటితో పుటుక్కున తెంపి, మగ్గం గుంతలో పడనివ్వకుండా తీసి వీధిలో పారేసేవాడు. తెగిన పోగు మగ్గం దగ్గర ఉండకూడదని వాళ్ల నాయన మాట. ఎందుకో నాయనా చెప్పలేదు, కొడుకూ అడగలేదు.

నలభై దాటాక కళ్లు మొరాయించాయి. మొదట సాయంత్రం పూట, తర్వాత మధ్యాహ్నం పూట, చివరికి పట్టపగలు కూడా పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొగలాగా కనపడేవి. అనంతపురంలో కంటి డాక్టరు అద్దాలు మార్చి మార్చి చూసి, నరం బలహీనం, ఇంతకుమించి చూపు రాదని చెప్పేశాడు. తప్పుగా అతికిన పడుగులు రెండు మగ్గాల మీద బయటపడ్డాక పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు, పిలవడం మానేశారు, అంతే. భార్య సుబ్బరత్నమ్మ ఇంట్లో పట్టు కండెలు చుట్టి సంసారం లాగేది. చౌడప్ప అరుగు మీద కూర్చుని, ఏ పనీ లేని ఆ వేళ్లను ఒకదానికొకటి రాపాడిస్తూ ఉండేవాడు. అట్లా ఆయన్ను చూడడం సుబ్బరత్నమ్మకు కండెలు చుట్టడం కన్నా కష్టంగా ఉండేది.

ఆ రోజుల్లోనే, తొంభై తొమ్మిదిలో, పది మగ్గాలు నడిపించే రాఘవేంద్ర డిజైన్ల కోసం కంప్యూటర్ కొన్నాడు. అంతకుముందు చీర అంచు డిజైన్లు గళ్లకాగితం మీద చుక్క చుక్కగా గీసేవాళ్లు. ఆ గీతను బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం మీద తగిలిస్తే, ఆ చిల్లుల లెక్కన పోగులు లేచి పువ్వులు పడేవి. ఇప్పుడు డిజైన్ తెర మీద గీస్తే చాలు, పక్కనున్న యంత్రం తనే అట్టలకు చిల్లులు కొడుతుంది. బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తన ఫ్లాపీ పెట్టి ఏదో ముద్ర వేసి పోయాడు. ఆ ముద్ర ఉంటేనే చిల్లుల యంత్రం పనిచేస్తుందని చెప్పి మరీ పోయాడు.

ఏదో కబురు చెప్పడానికి పోయిన చౌడప్ప అప్పుడు తెర ముందు నిలబడ్డాడు. కంప్యూటర్ నేర్పించడానికి వచ్చిన గౌతమి ఒక అంచును పెద్దది చేసి చూపిస్తోంది. గౌతమి యేసన్న కూతురు. యేసన్న రోడ్డు పనులకు పోయే కూలీ. కూతురు పెనుకొండలో కంప్యూటర్ కోర్సు చేసి, బస్టాండు దగ్గర సెంటర్‌లో పాఠాలు చెబుతోంది. ఆమె ఒక మీట నొక్కింది, అంచు పెద్దదైంది. ఇంకోసారి నొక్కింది, ఇంకా పెద్దదైంది. చివరికి ఒక్కో పోగూ బొటనవేలంత లావున తెర మీద నిలబడింది.

చౌడప్ప తెర దగ్గరికి వంగాడు. ఎన్నాళ్లయింది ఆయన ఒక పోగును పోగుగా చూసి! పక్క పోగుతో కలవకుండా, పొగలాగా చెదరకుండా, దేనికది విడిగా. "ఇంకొకసారి నొక్కు పాపా" అన్నాడు. గౌతమి నొక్కింది.

"సావుకారీ, నన్నొకసారి కూచోనిస్తావా?" అని రాఘవేంద్రను అడిగాడు.

రాఘవేంద్ర మంచివాడే, కానీ తొందర మనిషి. "నీకేం వస్తాదప్పా ఇది?" అన్నాడు. అని, ఆయన ముఖం చూసి, "సరేలే, కూచో. పగలగొట్టద్దు, అంతే" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో డిజైన్లన్నీ చౌడప్పే గీస్తున్నాడు. పోగు ఎట్లా పోవాలో పుట్టినప్పటినుంచీ తెలిసిన మనిషికి గీత రావడం పెద్ద కష్టం కాలేదు. మౌస్ పట్టుకోవడమే కష్టమైంది. మొదట్లో దాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంటే గౌతమి నవ్వు ఆపుకోలేకపోయేది.

ఆయనకు మెనూలు పెద్ద తలనొప్పి. మౌస్ ఇటు జరిపితే చాలు, ఒక జాబితా గబుక్కున తెరుచుకునేది. అది చదివేలోగా పక్కది తెరుచుకుని మొదటిది మూసుకుపోయేది. ఒకరోజు గౌతమి కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలోంచి ఒక చిన్న ప్రోగ్రామ్ ఎక్కించింది. బయటికి కనపడని సెట్టింగులను మార్చే పనిముట్టు అది. అందరూ దాంతో కంప్యూటర్‌ను పరిగెత్తిస్తారు. గౌతమి మెనూలను నిదానం చేసింది. ఆ తర్వాత జాబితాలు పెళ్లిపందిట్లో ముసలివాళ్లు లేచినంత నెమ్మదిగా తెరుచుకునేవి. రాఘవేంద్ర ఎప్పుడైనా కూర్చుంటే, "ఏమప్పా, దీనికేమైనా జొరమా?" అని తిట్టుకునేవాడు.

"ఇదెట్ల మారింది పాపా? యాడుండాది ఆ సెట్టింగు?" అని చౌడప్ప అడిగాడు. గౌతమి చూపించింది. చూపించకపోతే బాగుండేదేమో అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

రిజిస్ట్రీ తెరుచుకుంది. తెర ఎడమ పక్కన ఆరు పేర్లు. ఒక్కోదాని పక్కన కూడిక గుర్తు. ఒక గుర్తు నొక్కితే దాని కింద పది పేర్లు, అందులో ఒకటి నొక్కితే యాభై, అందులో ఒకటి నొక్కితే ఇంకెన్నో. లోపలికి పోయేకొద్దీ లోతు పెరుగుతూనే ఉంది. చౌడప్ప తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ చదివాడు. తెర రంగు అక్కడ రాసి ఉంది. మౌస్ ఎంత వేగంగా నడవాలో, అక్షరం ఎంత లావుండాలో, ఏ ఫైలును ఏ ప్రోగ్రామ్ తెరవాలో, అన్నీ ఉన్నాయి. ఒకచోట రాఘవేంద్ర పేరు కూడా ఉంది. ఇంత పెద్ద మగ్గంలో ప్రతి పోగుకూ ఒక కన్నం, ప్రతి కన్నానికీ ఒక పేరు.

"ఇది దీని తలరాత గదా పాపా" అన్నాడు గొంతు తగ్గించి.

"తలరాతేన్నా. మనదాన్ని మార్చను కాదు, దీన్ని మార్చొచ్చు. అందుకే భయపడల్ల" అంది గౌతమి. "నకలు తీసుకోకుండా ఈడ ఏదీ తాకద్దు, సరేనా?"

సరేనన్నాడు. మనసారా అన్నాడు. తర్వాత చాలా రోజులు, పని మధ్యలో తీరిక దొరికితే ఊరికే ఆ పేర్లు తెరిచి చూసుకునేవాడు. గుడికి పోయినట్టు చూసేవాడు, చేయి పెట్టేవాడు కాదు.

అంత జాగ్రత్తగా ఉన్న మనిషి తప్పు చేశాడంటే దానికి కారణం పాత అలవాటే. ఒక మధ్యాహ్నం ఆ సీడీలోనే ఉన్న ఇంకో ప్రోగ్రామ్ తెరిచాడు. అది రిజిస్ట్రీని శుభ్రం చేసేది. కాసేపు గిరగిరా వెతికి, ఏ ఫైలుకూ అతకని పేర్లు ఇవీ అని ఒక పొడుగాటి జాబితా చూపించింది. చౌడప్పకు ఆ జాబితా జాబితాలాగా కనపడలేదు. మగ్గం నిండా తెగి వేలాడే పోగులు కనపడ్డాయి. ఆయన గోరు ఊరుకుంటుందా? అన్నీ తీసేయమని నొక్కాడు. తీసేసినవాటిని ఒక పక్కన దాచమంటారా అని ప్రోగ్రామ్ మర్యాదగానే అడిగింది. తెగిన పోగును మగ్గం దగ్గర దాచుకునే పాడు అలవాటు ఆయనకెక్కడిది? వద్దని నొక్కాడు. యంత్రం తేలికపడ్డట్టు అనిపించి, సంతోషంగా ఇంటికి పోయాడు.

ఆ తర్వాత వరుసగా నాలుగు రోజులు పనిచేశాడు. అప్పుడు గీస్తున్నది వేరుశెనగ పూల అంచు. ఆ ఏడు వానలు లేక చేలల్లో వేరుశెనగ మొలకెత్తనే లేదు. సన్నటి ఆ పసుపు పూలను చౌడప్ప జరీలో పూయిస్తున్నాడు. ఒక్కో రేకు ఎన్ని పోగులు ఎక్కాలో, ఎక్కడ దిగాలో తెర మీద బొటనవేలంత పోగుల్లో లెక్కపెట్టుకుంటూ గీశాడు. తన జీవితంలో అంత మంచి గీత గీయలేదని ఆయనకే తెలుస్తోంది.

గీయడం పూర్తయిన సాయంత్రం రాఘవేంద్ర పక్కనే నిలబడి ఉన్నాడు. నేతగాడు పుల్లన్న మగ్గం ఖాళీగా ఉంది, అట్టల కోసం ఎదురుచూస్తున్నాడు. చౌడప్ప అట్టలు కొట్టమని మీట నొక్కాడు. చిల్లుల యంత్రం ఉలుకూ పలుకూ లేదు. తెర మీద ఎర్రటి పెట్టెలో ఇంగ్లీషు మాటలు వచ్చాయి. రాఘవేంద్ర చదివి, ముద్ర లేదంటోందని చెప్పాడు.

బెంగళూరుకు ఫోన్ చేస్తే ఎవరో వేరేవాళ్లు ఎత్తి, ఆ కంపెనీ మూతపడి చాలా రోజులైందని చెప్పి పెట్టేశారు. ఆ ముద్ర మళ్లీ వేసేవాళ్లు లోకంలో లేరు.

"ఏం చేసినావు చౌడప్పా?" అని రాఘవేంద్ర అడిగాడు.

చౌడప్పకు అప్పుడే అర్థమైంది. ఇంజనీరు వేసిన ముద్ర అతని ఫ్లాపీలోని ఫైలును చూపించే పేరు. ఆ ఫ్లాపీ ఇంజనీరుతోనే వెళ్లిపోయింది కాబట్టి ఆ పేరు దేనికీ అతకకుండా వేలాడుతూ ఉండి ఉంటుంది. దాన్ని తెంపింది తన గోరే.

"నేనే సావుకారీ. నాలుగు రోజుల కిందట, తెగిన పోగనుకోని తెంపేసినా" అన్నాడు.

రాఘవేంద్ర అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. తల గోక్కుని, "పోనీలే. ఇంక ఈ మిషన్ దండగే. పాతమాదిరి గళ్లకాగితం మీదనే గీయించుకుందాం, ధర్మవరంలో ఎవరినైనా చూస్తా" అన్నాడు. గళ్లకాగితం మీద గీయడానికి నీ కళ్లు పనికిరావు అని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

చౌడప్ప ఇంటికి పోయి సుబ్బరత్నమ్మతో జరిగింది చెప్పాడు. ఆమె కండె చుట్టడం ఆపి, "మళ్లీ అరుగు మీదికేనా?" అంది. అని వెంటనే నాలుక కరుచుకుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో సంగటి ముద్దలు అట్లాగే మిగిలిపోయాయి.

తెల్లారితే అమావాస్య. అమావాస్య నాడు మగ్గం ముట్టుకోరు, అక్కడ అది తరతరాల సెలవు. చౌడప్ప కంప్యూటర్‌కు కూడా ఆ సెలవు పాటిస్తాడు, అది కూడా మగ్గమే కదా అని ఆయన లెక్క. కానీ ఆ పొద్దున కాళ్లు ఆగక రాఘవేంద్ర ఇంటికి పోయాడు. కంప్యూటర్ గదిలో కుర్చీలో కూర్చుని, ఆరిపోయి ఉన్న తెరను చూస్తూ ఉండిపోయాడు. ఒకసారి స్విచ్ మీదికి చేయి పోయింది. ఒక్కసారి వేసి చూద్దామా, ఏమో, ముద్ర దానంతటదే వచ్చి ఉంటుందేమో అనిపించింది. అమావాస్య గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు.

గౌతమి ఇంకో కోర్సు పరీక్షలకని పెనుకొండ పోయి ఆ పొద్దున్నే తిరిగొచ్చింది. రాఘవేంద్ర కబురు చెప్పగానే చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చింది. గుమ్మంలోంచే, "అన్నా, పొద్దున్నుంచి దీన్ని ఆన్ చేసినావా?" అని అరిచింది.

"లేదు పాపా. అమావాస్య గదా."

గౌతమి గోడకు ఆనుకుని గుండెల మీద చేయి వేసుకుంది. "బతికించినావన్నా. నువ్వు చేసినావో, మీ అమావాస్యే చేసిందో గానీ, బతికించినారు."

ఆమె చెప్పింది విని చౌడప్ప నమ్మలేకపోయాడు. ఆ కంప్యూటర్ ఏ రోజుకారోజు, మొదటిసారి ఆన్ చేయగానే, ఎవరూ చెప్పకుండానే తన రిజిస్ట్రీకి తనే ఒక నకలు తీసి లోపల దాచుకుంటుందట. ఐదు నకళ్లు ఉంచుకుంటుందట. కొత్తది వచ్చినప్పుడల్లా అన్నిటికన్నా పాతదాన్ని తీసేస్తుందట. చౌడప్ప ఆ పేర్లు తెంపింది మధ్యాహ్నం. అదే రోజు పొద్దున తీసిన నకలులో ముద్ర భద్రంగా ఉంటుంది. తర్వాత తీసినవన్నీ తెగినవే. మంచిది ఇప్పుడు ఐదింటిలో చివరిది. ఈ పొద్దున మామూలుగా ఆన్ చేసి ఉంటే ఇంకో తెగిన నకలు వచ్చి, ఆ మంచిదాన్ని బయటికి తోసేసి ఉండేది.

"అంటే ఇంత సేపూ పాత పడుగు లోపలనే ఉండాదా?" అన్నాడు చౌడప్ప.

"ఉండాదన్నా. జానెడే మిగిలింది, కానీ ఉండాది."

గౌతమి స్విచ్ దగ్గరికి పోయింది. చౌడప్ప లేచి నిలబడ్డాడు. "పాపా, అమావాస్య..." అన్నాడు.

"నాకు అమావాస్య లేదులే, నేనేస్తా" అని వేసింది. వేస్తూనే ఒక మీట నొక్కి పట్టుకుంది. రంగుల తెర రాలేదు, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. ఇట్లా తెరిస్తే కొత్త నకలు తీయదని చెప్పింది. చెప్పి, వెంటనే పాత రోజుకు పోలేదు. ముందు ఆ ఐదు నకళ్లనూ ఇంకో డ్రైవులోకి కాపీ చేసింది. తర్వాత ఇప్పుడున్న చెడిపోయిన రిజిస్ట్రీని కూడా కాపీ చేసింది.

"చెడిపోయిందానికేమిటికి పాపా?"

"ఎనక్కి పోయినాక ఇంకేదన్నా తప్పయితే? కనీసం ఈ తప్పు దగ్గరికైనా తిరిగి రావల్ల గదన్నా. ఏది మార్చినా, వచ్చిన దోవ చెరపకూడదు."

చౌడప్ప తల పంకించాడు. చిన్నప్పటినుంచీ జానెడు పడుగు వదిలి పనిచేసిన మనిషి ఆయన. తన వృత్తిలో మొట్టమొదటి పాఠం అదే. ఆ పాఠాన్ని పక్కన పెట్టి, తెంపే అలవాటును మాత్రం ఈ గదిలోకి తెచ్చుకున్నందుకు ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంకో భయం పట్టుకుంది. "పాపా, ఆ రోజుకు పోతే, ఆ తర్వాత గీసిన పూలంచు పోతాది గదా?"

"పోదన్నా. ఎనక్కి పోయేది సెట్టింగులు మాత్రమే. నువ్వు గీసిన గీత పోదు."

ఆయన నమ్మలేదు. కాలం వెనక్కి పోతే ఆ తర్వాత చేసిన పని ఎట్లా మిగులుతుంది? ముఖం చూసి గౌతమి ఇంకేం వాదించకుండా డిజైన్ ఫైలును ఒక ఫ్లాపీలోకి తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పైనుంచి అరచేత్తో అదుముకున్నాడు.

గౌతమి ఒక మాట టైపు చేసింది. తెర మీద ఐదు తారీకులు వరుసగా వచ్చాయి. చౌడప్ప వంగి చూశాడు. ఐదు రోజులు. తాను బతికిన రోజులు, ఒకదాని కింద ఒకటి, ఎవరో పేర్చి పెట్టినట్టు. ఏ మనిషికైనా ఇట్లాంటి జాబితా చూపించి, ఇందులో ఏ రోజుకు పోతావు అని అడిగేవాళ్లున్నారా? గౌతమి చివరి తారీకు మీదికి తెచ్చి, చేయి తీసేసింది.

"నువ్వే నొక్కన్నా."

"అమావాస్య గదా పాపా."

"నువ్విప్పుడు నేస్తాండావా ఏమన్నా? అతకతాండావు."

"అతుకుడు కూడా చేయకూడదు పాపా" అన్నాడు చౌడప్ప. అని, కులదేవత చౌడేశ్వరమ్మను తలుచుకుని నొక్కాడు.

కంప్యూటర్ కాసేపు ఏదో చేసుకుంది. మళ్లీ మొదలవమంటారా అని అడిగింది. గౌతమి సరేనంది. నల్లటి తెర పోయి రంగుల తెర వచ్చింది. చౌడప్ప డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. మెనూ నెమ్మదిగా, ఆయన కోసం ఆగి ఆగి తెరుచుకుంది. పూలంచు ఫైలు అక్కడే ఉంది. తెరిచాడు. ఒక్కో రేకూ ఎక్కడ గీశాడో అక్కడే ఉంది, ఆఖరి సాయంత్రం గీసిన చివరి మొగ్గతో సహా. యంత్రం ఆ పాత రోజుకు వెళ్లిపోయింది, ఆయన పని మాత్రం ఇక్కడే నిలబడి ఉంది. ఆ రెండూ ఒకే తెర మీద ఎట్లా ఉన్నాయో ఆయనకు అంతు చిక్కలేదు. అంతు చిక్కకపోయినా అందంగా ఉంది.

అట్టలు కొట్టే మీట వెలిగి ఉంది. పరీక్షకని ఒక్క అట్ట పెట్టి గౌతమే నొక్కింది. మూలనున్న యంత్రం ఒకసారి దగ్గినట్టు కదిలి, టకటకా చిల్లులు కొట్టడం మొదలుపెట్టింది.

చౌడప్ప రెండు చేతులూ ఎత్తి తెరకు దండం పెట్టాడు.

"ఎవరికన్నా దండం?" అని గౌతమి నవ్వబోయింది. ఆయన కళ్లు చూసి నవ్వు ఆపుకుంది.

"ఏమో పాపా. దీన్ని చేసినోళ్లు ఎవరో, ఏ దేశమో. నేను తప్పు చేస్తానని వాళ్లకు ముందే తెలిసింది చూడు. నా పేరు తెలీదు, నా మొగం తెలీదు. అయినా వీడు ఒకరోజు తెంపుకుంటాడు, వీనికోసం పాతది దాచి పెడదామని అనుకున్నారు. అడక్కనే దాచినారు. తిట్టకుండా దాచినారు. కన్నతల్లి కూడా తిట్టకుండా దాచదు గదా పాపా."

ఆ సంగతి గౌతమి పుస్తకాల్లో చదివింది, పరీక్షల్లో రాసింది, పిల్లలకు చెప్పింది. ఇట్లా ఎప్పుడూ అనుకోలేదు. చిల్లులు పడిన అట్టను తీసి ఆయన చేతిలో పెట్టింది. వెలుగుకు ఎత్తి పట్టినా ఆయనకు చిల్లులు సరిగ్గా కనపడలేదు. వేలితో తడుముకుంటూ పోయాడు. ఈడ ఎక్కల్ల, ఈడ దిగల్ల, ఈడ రేకు విచ్చుకోవల్ల అని గొణుక్కున్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

రాఘవేంద్ర వచ్చి చూసి, "రేపు పొద్దున్నే అట్టలన్నీ కొట్టిచ్చేయి చౌడన్నా, పుల్లన్న నా ప్రాణం తీస్తాండాడు" అన్నాడు. చౌడప్పా అని పిలిచేవాడు ఆ రోజునుంచి చౌడన్నా అని పిలవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఎండలో చౌడప్ప ఇంటికి నడిచాడు. దారి పొడుగునా మగ్గాలు ఆగిపోయి వీధులు నిశ్శబ్దంగా ఉన్నాయి. సుబ్బరత్నమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఆయన పొద్దున పోయినప్పటినుంచీ అక్కడే నిలబడినట్టు ఉంది. ఆయన ముఖంలోకి చూసింది.

"పనుండాదే" అన్నాడు చౌడప్ప. "రేపు పొద్దున్నే రమ్మన్నాడు."

సుబ్బరత్నమ్మ గడప మీదనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.